చల్లదనం కాపాడుతుంది, గడ్డకడితే చంపుతుంది

కొన్నేళ్ళ కిందటి మాట. నేనప్పుడు ఒక జిల్లా ఆస్పత్రిలో పనిచేస్తున్నాను. ఎండాకాలం, మధ్యాహ్నం రెండు గంటల వేళ. ముప్పై ఏళ్ళ వడ్రంగి ఒకతన్ని ఆటోలో తీసుకువచ్చారు. కోత మిషను మీద చెక్క కోస్తుండగా చెయ్యి జారి కుడిచేతి బొటనవేలు మొదలంటా తెగిపోయింది. వెంట వచ్చిన బావమరిది చురుకైనవాడు. తెగిన వేలిని పారెయ్యలేదు. వీధిలో ఉన్న ఐసుబండి దగ్గరకు పరుగెత్తి, ఉప్పు కలిపిన ఐసుముక్కలు స్టీలు డబ్బాలో పోయించి, వేలిని వాటిలో పూడ్చి మూత బిగించి తెచ్చాడు.

"చల్లగానే పెట్టాను సార్, చెడిపోలేదు. కుట్టెయ్యండి" అన్నాడు.

మూత తీసి చూశాను. వేలు సున్నంలా తెల్లబడి, రాయిలా బిగిసి ఉంది. పెద్దాస్పత్రిలోని ప్లాస్టిక్ సర్జరీ డాక్టరుగారికి ఫోను చేశాను. ఆయన ఒకే ప్రశ్న వేశారు. "గడ్డకట్టిందా?" అవునన్నాను. "అయితే లాభం లేదండీ" అన్నారు. కోత నున్నగా ఉంది. మనిషి గంట తిరక్కుండానే వచ్చాడు. వేలు నలగలేదు. అన్నీ సవ్యంగానే ఉన్నాయి, ఆ ఐసు తప్ప. ఈ సంగతి చెప్పినప్పుడు ఆ బావమరిది ముఖం చూడలేకపోయాను. నిజానికి అతని తప్పేమీ లేదు. అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే.

మరి చల్లదనం మంచిదే గదా! కూరలూ పాలూ చెడిపోకుండా ఫ్రిజ్‌లో పెడుతున్నాం. రక్తాన్నీ వీర్యాన్నీ పిండాల్నీ శీతలంలో దాస్తున్నారని చదువుతున్నాం. అలాంటప్పుడు ఒక వేలు ఐసులో ఎందుకు పాడయింది? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలుసుకుంటే, మనిషి అవయవాలను గడ్డకట్టించి దాచేందుకు ప్రపంచంలో జరుగుతున్న పరిశోధన ఎంతవరకు వచ్చిందో, ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. అంతకంటే ముఖ్యంగా, ఆపద వేళ మీరేం చెయ్యాలో తెలుస్తుంది.

మాగాయ ముక్క చెప్పే పాఠం

మన శరీరంలో సగానికి పైగా నీరే. ఆ నీరు ప్రతి జీవకణం లోపలా ఉంది, బయటా ఉంది. కణం బతకాలంటే ప్రాణవాయువు కావాలి, ఆహారం కావాలి. శరీరం నుంచి వేరైన భాగానికి ఈ రెండూ అందవు. అయితే దాన్ని చల్లబరిస్తే కణాలు తమ పని తగ్గించుకుంటాయి. 4 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర వాటి పని సుమారు పదోవంతుకు పడిపోతుంది. ఖర్చు తగ్గితే ఉన్న కాస్త సరుకుతోనే ఎక్కువసేపు నెట్టుకు రావచ్చు. చల్లదనం చేసే మేలు ఇదే.

సున్నా దాటి కిందికి వెళ్తే కథ మారుతుంది. నీరు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. నిండా నీళ్ళు పోసిన గాజుసీసాను ఫ్రీజర్లో మరిచిపోతే పగలటం మీరు చూసే ఉంటారు. టమాటాను ఫ్రీజర్లో పెట్టి, మర్నాడు బయటపెట్టి చూడండి. కరిగాక చేతిలో ముద్దయిపోతుంది. మంచు స్ఫటికాలు దాని కణాలను చీల్చేశాయన్నమాట.

ఇంకొక దెబ్బ కూడా ఉంది. నీరు గడ్డకట్టేటప్పుడు తనలోని ఉప్పును వదిలేసి, తానొక్కటే గడ్డకడుతుంది. దాంతో మిగిలిన ద్రవం ఉప్పుకషాయంలా చిక్కబడుతుంది. మాగాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగి ముక్క ముడుచుకుపోతుంది గదా! అలాగే ఆ ఉప్పుద్రవం కణంలోని నీటిని బయటికి లాగేస్తుంది. నెమ్మదిగా చల్లబరిస్తే కణం ఇలా ఎండిపోయి చస్తుంది. గబగబా చల్లబరిస్తే నీరు బయటికి రావడానికి వ్యవధి లేక, కణం లోపలే మంచుముక్కలు ఏర్పడి చస్తుంది. అటు నుయ్యి, ఇటు గొయ్యి.

ఐసులో ఉప్పు కలిపితే దాని చల్లదనం సున్నా కంటే బాగా దిగువకు పోతుంది. పుల్లఐసు గడ్డకట్టేది ఆ కిటుకుతోనే. మన వడ్రంగి బొటనవేలు గడ్డకట్టింది కూడా దానితోనే.

పొరపాటున దొరికిన మందు

ఈ చిక్కుకు దారి చూపింది గ్లిజరిన్. చలికాలంలో పెదవులు పగిలితే రాసుకునే ఆ గ్లిజరినే. లండన్‌లోని మిల్ హిల్‌లో జాతీయ వైద్య పరిశోధన సంస్థ ఉండేది. అక్కడ క్రిస్టఫర్ పోల్జ్, ఆడ్రీ స్మిత్, అలెన్ పార్క్స్ అనేవారు కోడిపుంజు వీర్యాన్ని గడ్డకట్టించి మళ్ళీ బతికించే ప్రయత్నం చేస్తున్నారు. పండ్లలో ఉండే చక్కెర ద్రావణం కలిపి చూస్తే ఫలితం రాలేదు. కొన్ని నెలల తరువాత అదే సీసా అనుకుని మరొకసారి వాడితే వీర్యకణాలు బతికాయి! ఇదేమి వింత అని సీసాలోని ద్రావణాన్ని పరీక్ష చేయించారు. అందులో చక్కెరే లేదు, గ్లిజరిన్ ఉంది. సీసాల మీది చీటీలు తారుమారయ్యాయి కాబోలు. 1949లో ఈ సంగతి లోకానికి వెల్లడయింది.

గ్లిజరిన్ కణంలోకి చొరబడి, నీటితో కలిసి, మంచు స్ఫటికాలు బలియకుండా అడ్డుపడుతుంది. ఉప్పు మరీ చిక్కబడకుండా చూస్తుంది. గడ్డకట్టించిన వీర్యంతో మానవ గర్భధారణ జరిగినట్లు 1953లో అమెరికా వైద్యులు ప్రకటించారు. 1959లో డైమిథైల్ సల్ఫాక్సైడు అనే మరో రక్షక ద్రవం వాడుకలోకి వచ్చింది. ఇలా సిద్ధం చేసిన కణాలను ద్రవ నైట్రోజన్‌లో దాస్తారు. దాని చల్లదనం సున్నాకు దిగువన 196 డిగ్రీలు. అంత శైత్యంలో జీవక్రియలన్నీ దాదాపు ఆగిపోతాయి. కణానికి కాలం ఆగిపోయినట్లే.

ఒక సర్కారు డాక్టరు కథ

ఈ సందర్భంలో ఒక పేరు చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ అనే ప్రభుత్వ వైద్యుడు ఉండేవారు. శరీరం వెలుపల ఫలదీకరించిన పిండాన్ని ఆయన గడ్డకట్టించి, కొన్ని వారాలు దాచి, తరువాత తల్లి గర్భంలో ప్రవేశపెట్టారు. 1978 అక్టోబరు 3న ఆడపిల్ల పుట్టింది. లోకం ఆమెను 'దుర్గ' అని పిలుచుకుంది. ఇంగ్లండులో మొట్టమొదటి పరీక్షనాళిక శిశువు పుట్టి అప్పటికి మూడు నెలలైనా కాలేదు. పైగా ఇంగ్లండు వైద్యులు వాడింది తాజా పిండం. ముఖర్జీ వాడింది శీతలంలో దాచిన పిండం.

ఆయన మాట ఎవరూ నమ్మలేదు. ప్రభుత్వం వేసిన కమిటీ కొట్టిపారేసింది. పైగా ఆయనను కంటివైద్య సంస్థకు బదిలీ చేశారు. 1981 జూన్ 19న ఆయన తన ప్రాణం తానే తీసుకున్నారు. గడ్డకట్టించిన పిండం నుంచి శిశువు పుట్టినట్లు ప్రపంచం మొట్టమొదట ఒప్పుకున్నది 1984లో, ఆస్ట్రేలియాలో. డాక్టర్ టి.సి. ఆనంద్ కుమార్ 1986లో బొంబాయిలో పరీక్షనాళిక శిశువును సాధించిన బృందంలోని శాస్త్రజ్ఞుడు. ఆయన ముఖర్జీ రాసుకున్న కాగితాలు చదివి, మన దేశంలో ఈ ఘనత మొదట ముఖర్జీదేనని 1997లో ప్రకటించారు. ఇప్పుడు ఊరూరా సంతాన సాఫల్య కేంద్రాలలో పిండాలను దాచడం మామూలు విషయమైపోయింది.

కణం సరే, కిడ్నీ మాటేమిటి?

పిండాన్ని దాచగలిగినప్పుడు కిడ్నీని ఎందుకు దాచలేరు? గుండెను ఎందుకు దాచలేరు? న్యాయమైన ప్రశ్నే.

పెద్ద గిన్నెడు పాయసం వండి చల్లటి నీళ్ళలో పెట్టండి. అంచులు చల్లబడతాయి, నడుమ వేలు పెడితే చురుక్కుమంటుంది. అవయవం కూడా అంతే. పైపొరకు సరిపోయిన శైత్యం లోపలికి చేరేసరికి ఆలస్యమవుతుంది. పైగా కిడ్నీలో ఉన్నది ఒకే రకం కణం కాదు. వడపోసే కణాలు వేరు, గొట్టాల కణాలు వేరు, రక్తనాళాల కణాలు వేరు. ఒకదానికి నప్పిన వేగం మరొకదానికి నప్పదు. రక్షక ద్రవం ఎక్కువైతే అదే విషమవుతుంది.

అందుకని శాస్త్రజ్ఞులు మరో మార్గం పట్టారు. చక్కెర పాకాన్ని కదపకుండా రోజుల తరబడి వదిలేస్తే పటికబెల్లంలా స్ఫటికాలు కడుతుంది. అదే పాకాన్ని బాగా చిక్కబడేదాకా కాచి, పళ్ళెంలో పోసి చప్పున చల్లార్చితే అద్దంలా నిగనిగలాడే బిళ్ల అవుతుంది. అందులో స్ఫటికం ఉండదు. నీటిని కూడా ఇలా స్ఫటికం కట్టనివ్వకుండా గాజులా మార్చవచ్చు. ఎలుకల పిండాలను ఈ పద్ధతిలో దాచి బతికించవచ్చని 1985లో రాల్, ఫాహీ అనే శాస్త్రజ్ఞులు నిరూపించారు. సంతాన సాఫల్య కేంద్రాలలో అండాలను, పిండాలను నేడు ఎక్కువగా ఈ పద్ధతిలోనే దాస్తున్నారు.

అవయవాన్ని గాజులా మార్చడం ఒక ఎత్తు, తిరిగి మామూలు స్థితికి తేవడం మరో ఎత్తు. నెమ్మదిగా వేడిచేస్తే దారిలో మంచు పుడుతుంది. ఒకచోట ఎక్కువ, మరొకచోట తక్కువ వేడి తగిలితే, చల్లటి గాజుగ్లాసులో మరిగే కాఫీ పోసినట్లు పగుళ్ళు పడతాయి. ఫాహీ బృందం ఒక కుందేలు కిడ్నీని ఇలా గాజులా మార్చి, కరిగించి, తిరిగి అమర్చితే ఆ కుందేలు 48 రోజులు దాని ఆధారంతోనే ఉంది. ఈ సంగతి 2009లో ప్రచురించారు. కానీ అది ఒకే ఒక్క కుందేలు.

2023లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం వారు ఇంకో అడుగు వేశారు. ఎలుక కిడ్నీలోని రక్తనాళాల్లోకి రక్షక ద్రవంతోపాటు అతి సూక్ష్మమైన ఇనుప ఆక్సైడు రేణువులను పంపారు. వంద రోజుల దాకా శైత్యంలో దాచారు. తరువాత అయస్కాంత క్షేత్రంలో ఉంచితే లోపలి రేణువులన్నీ ఒక్కసారిగా వేడెక్కి, కిడ్నీ అంతా సమంగా కరిగింది. రేణువులను కడిగేసి, ఎలుకలకు ఆ కిడ్నీలు అమర్చారు. సొంత కిడ్నీలు తీసేసినా, నెల రోజుల పరిశీలనలో వాటి ప్రాణం నిలబడింది. గొప్ప విజయమే. అయితే ఎలుక కిడ్నీ చిక్కుడుగింజంత. మనిషి కిడ్నీ పిడికిలంత. ఆ దూరం ఇంకా దాటవలసి ఉంది. గడ్డకట్టించి దాచిన కిడ్నీనో, గుండెనో, కాలేయాన్నో మనిషికి అమర్చే రోజు ఇంకా రాలేదు.

అందుకే గంటల లెక్క

ఈనాడు అవయవ మార్పిడికి తీసే అవయవాలను మామూలుగా ప్రత్యేక ద్రవంతో కడిగి, సంచిలో ఉంచి, ఆ సంచిని ఐసు మధ్య పెడతారు. గడ్డకట్టనివ్వరు. 4 డిగ్రీల దగ్గర ఉంచుతారు. ఇలా గుండె నాలుగు నుంచి ఆరు గంటలు, కాలేయం పన్నెండు గంటల వరకు, కిడ్నీ ఒకటి, ఒకటిన్నర రోజులు ఆగుతాయి. పెద్ద కేంద్రాల్లో అవయవంలోకి ద్రవాన్నో రక్తాన్నో ఎక్కించే యంత్రాలతో మరికొంత వ్యవధి దొరుకుతున్నది. 2025 జనవరిలో హైదరాబాదు మెట్రో రైలులో ఎల్.బి. నగర్ నుంచి లక్డీకాపూల్ దాకా 13 కిలోమీటర్లు 13 నిమిషాల్లో ఒక గుండెను చేర్చారు. అంత హడావిడి ఎందుకా అని మీలో కొందరు అనుకుని ఉంటారు. గుండెను దాచిపెట్టే బ్యాంకు లోకంలో ఎక్కడా లేదు గనుక.

దీన్నిబట్టి మీరు గ్రహించవలసింది ఒకటుంది. మెదడు పూర్తిగా చనిపోయి, గుండె మాత్రం యంత్రాల సాయంతో కొట్టుకుంటున్న మనిషి అవయవాలను దానం చెయ్యాలంటే కుటుంబం ఆ గంటల్లోనే నిర్ణయించుకోవాలి. మన చట్టం 1994 నుంచి ఉంది. నలుగురు వైద్యులు, ఆరు గంటల వ్యవధితో రెండుసార్లు పరీక్షించిన తరువాతే మెదడు మరణించిందని నిర్ధారిస్తారు. మన రెండు రాష్ట్రాల్లోనూ జీవన్‌దాన్ పేరుతో ఈ ఏర్పాటు నడుస్తున్నది. ఆ దుఃఖంలో ఎవరికైనా ఆలోచన సాగదు. అందుకే సుఖంగా ఉన్న రోజున, భోజనాల దగ్గర కూర్చున్నప్పుడు, "నా సంగతి ఇదీ" అని ఇంట్లోవాళ్ళకు చెప్పి ఉంచండి. కార్డు మీద సంతకం కన్నా ఇంటివాళ్ళకు చెప్పిన మాటకే బలం ఎక్కువ. ఆనాడు అనుమతి ఇవ్వవలసింది వాళ్ళే.

కళ్ళు, చర్మం

కళ్ళకూ చర్మానికీ మెదడు మరణం దాకా వెళ్ళనక్కర లేదు. ఇంట్లో మామూలుగా చనిపోయినవారివి కూడా పనికివస్తాయి. కన్ను మొత్తం మార్చరు. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే కార్నియా పొరను మాత్రమే వాడతారు. దాన్ని గడ్డకట్టించకుండా ప్రత్యేక ద్రవంలో 4 డిగ్రీల దగ్గర ఉంచితే, ద్రవాన్నిబట్టి నాలుగు రోజుల నుంచి రెండు వారాల వరకు ఆగుతుంది. చర్మాన్ని చిక్కటి గ్లిజరిన్‌లో ఏళ్ళ తరబడి ఉంచవచ్చు. ఒళ్ళు కాలినవారి గాయాలకు అది తాత్కాలికమైన కప్పుగా ఉండి ప్రాణం కాపాడుతుంది. హైదరాబాదు ఉస్మానియా ఆస్పత్రిలో చర్మ బ్యాంకు ఉంది.

ఈ రెండిటినీ మరణించిన ఆరు గంటలలోపు తీసుకోవాలి. నేత్రబ్యాంకు వారు వచ్చేదాకా మీరు చెయ్యవలసినవి ఇవి. కనురెప్పలు మూసివేయండి. పైన ఫ్యాను ఆపండి, గాలికి కార్నియా ఎండిపోతుంది. రెప్పల మీద శుభ్రమైన తడి దూది ఉంచండి. తల కింద దిండు పెట్టండి. కళ్ళజోడు ఉన్నా, శుక్లాల ఆపరేషను అయినా, షుగరు, బి.పి. ఉన్నా నేత్రదానానికి అడ్డు కాదు. ముఖం వికారం కాదు.

కాన్సరు వైద్యానికి ముందు ఒక ప్రశ్న

ఇంట్లో పెళ్ళికాని పిల్లకో, కొత్తగా పెళ్ళయిన అబ్బాయికో కాన్సరు అని తేలితే, ప్రాణం దక్కితే చాలునని వైద్యానికి పరుగెత్తుతాం. అది సహజం. కానీ కాన్సరు మందులు, రేడియేషను సంతాన శక్తిని దెబ్బ తీయవచ్చు. మొదటి డోసు ఎక్కించకముందే డాక్టరును అడగండి: "బీజకణాలు దాచుకునే వీలుందా?" అని. మగవారి వీర్యం ఒక్కరోజు పని. ఆడవారి అండాలకు సాధారణంగా రెండు వారాల వ్యవధి కావాలి. అంత వ్యవధి లేనప్పుడు అండాశయం నుంచి చిన్న ముక్కలు తీసి శీతలంలో దాచే పద్ధతి కొన్ని పెద్ద కేంద్రాల్లో ఉంది. 1997లో కాన్సరు వైద్యానికి ముందు ఇలా దాచిన ముక్కలను తిరిగి అమర్చగా, 2004లో బెల్జియంలో ఒకామె తల్లి అయింది. అడగడానికి మొహమాటపడకండి. మందు మొదలయ్యాక అడిగి లాభం తక్కువ.

ప్రకటనలు చూసి మోసపోకండి

కాన్పుకు ముందు కొన్ని కంపెనీల వారు వచ్చి, "బిడ్డ బొడ్డుతాడు రక్తం మా దగ్గర దాచండి, జీవితమంతా బీమా" అంటారు. బొడ్డుతాడు రక్తంలోని మూలకణాలు కొన్ని రక్తవ్యాధులకు వాడతారన్నది నిజమే. కానీ తలసేమియా వంటి పుట్టుకతో వచ్చే వ్యాధికి బిడ్డ సొంత రక్తం పనికిరాదు, అందులోనూ అదే దోషం ఉంటుంది గనుక. ఆ బిడ్డకే అది అవసరమయ్యే అవకాశం బహు తక్కువ. ముందుజాగ్రత్త పేరుతో డబ్బు కట్టి సొంతానికి దాచుకోవడానికి తగిన శాస్త్రీయ ఆధారం లేదని భారత వైద్య పరిశోధన మండలి కూడా చెప్పింది. ఇంట్లో పెద్దబిడ్డకు మూలకణ చికిత్స అవసరమైన జబ్బు ఉంటే సంగతి వేరు. అప్పుడు మీ డాక్టరు సలహా అడగండి. అప్పు చేసి మాత్రం ఈ ఖర్చు పెట్టకండి.

ఇక శవాన్నే గడ్డకట్టించి, ఎప్పటికో బతికిస్తామనే సంస్థలు అమెరికాలో ఉన్నాయి. అక్కడ మొదటి మనిషిని 1967 జనవరిలో ఇలా భద్రపరిచారు. ఇంతవరకు ఒక్కరూ లేవలేదు. కిడ్నీ దగ్గరే ఆగిన శాస్త్రం మెదడును ఎలా లేపుతుందో మీరే ఆలోచించుకోండి.

వేలు తెగితే ఏం చెయ్యాలి?

మళ్ళీ మన వడ్రంగి దగ్గరకు వద్దాం. ఈ కింది నాలుగు మాటలు ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

ఒకటి: ముందు మనిషిని చూడండి. గాయం మీద శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదమండి. చెయ్యి పైకెత్తి పట్టుకోండి. పసుపు, కాఫీపొడి అద్దకండి. 108కి ఫోను చెయ్యండి.

రెండు: తెగిన భాగానికి మట్టి ఉంటే మంచినీళ్ళతో తేలిగ్గా కడగండి, రుద్దకండి. శుభ్రమైన గుడ్డను తడిపి, పిండి, అందులో చుట్టండి. స్పిరిటు, పాలు, నీళ్ళలో ముంచి ఉంచకండి. వేలు కొంచెం తోలుతో వేలాడుతుంటే దాన్ని కోసెయ్యకండి.

మూడు: ఆ చుట్టను పాలిథిన్ సంచిలో పెట్టి, నీరు చొరకుండా మూతి బిగించి కట్టండి. ఒక గిన్నెలో నీళ్ళు, ఐసుముక్కలు కలిపి పోసి, సంచిని అందులో ఉంచండి. ఐసు నేరుగా చర్మానికి తగలకూడదు. ఉప్పు వెయ్యకూడదు. ఫ్రీజర్లో పెట్టకూడదు.

నాలుగు: ప్లాస్టిక్ సర్జరీ ఉన్న ఆస్పత్రికి త్వరగా చేరండి, ముందే ఫోను చేసి చెప్పండి. సరిగ్గా చల్లబరిచిన వేలు ఇరవైనాలుగు గంటల వరకు ఆగవచ్చు. కండ ఎక్కువగా ఉండే చెయ్యి, ముంజేయి అంతసేపు ఆగవు. వాటికి కొద్ది గంటలే గడువు. అతుకుతుందో లేదో మీరు తేల్చకండి, భాగాన్ని మాత్రం తప్పక తీసుకువెళ్ళండి.

ఆ వడ్రంగి కొన్నాళ్ళకు మళ్ళీ కనిపించాడు. నాలుగు వేళ్ళతో ఉలి పట్టుకోవడం కుదరక పని మానేసి, చిన్న కొట్టు పెట్టుకున్నాడు. బావమరిది కూడా కొట్లోనే ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడి, "సార్, సంచిలో పెట్టి, ఆ సంచిని ఐసునీళ్ళలో పెట్టాలి, అంతే గదా?" అన్నాడు. అంతే, అన్నాను. "మా వీధిలో అందరికీ చెప్పాను సార్" అన్నాడు.

మీరు కూడా మీ వీధిలో చెప్పండి.